నెమ్ము వెనకాల పేరు

మన తెలుగువాళ్ళు న్యుమోనియాని నెమ్ము అన్నారు. ఎంత చక్కటి మాటో చూడండి. నెమ్ము అంటే తేమ. వానాకాలంలో గోడకి పట్టేదీ నెమ్మే, పెట్టె అడుగున దాచిన పట్టుచీరకి పట్టేదీ నెమ్మే, మనిషి ఊపిరితిత్తులకి పట్టేదీ నెమ్మే. "పిల్లాడికి నెమ్ము చేసిందే అమ్మాయ్" అని అమ్మమ్మ అన్నదంటే ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయేవి. ఆవిడ దగ్గర స్టెతస్కోపు లేదు, ఎక్స్‌రే లేదు. పిల్లాడు డొక్కలెగరెయ్యడం చూసి, ముక్కుపుటాలు అదరడం చూసి చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది.

కాని ఆ మాటలో ఒక లోటు వుంది. గోడకి నెమ్ము పట్టిందని ఎవరైనా చెప్పగలరు. నీళ్ళు పైకప్పులోంచి దిగాయా, పునాదిలోంచి ఎగబాకాయా, గోడలోపలి గొట్టం పగిలిందా అన్నది మాత్రం ఆ మచ్చ చెప్పదు. మేస్త్రీ వచ్చి వెతకాలి. ఆ వెతకడం మానేసి ఎన్నిసార్లు సున్నం కొట్టించినా మచ్చ మళ్ళీ తేలుతుంది. రోగంలోనూ అంతే. నెమ్ము అన్నా, న్యుమోనియా అన్నా తెలిసేది ఒక్కటే: ఊపిరితిత్తుల్లో గాలి వుండాల్సిన గదుల్లోకి చీమూ నీరూ చేరాయని. వాటిని అక్కడికి తెచ్చింది ఏ క్రిమి అన్నది వేరే ప్రశ్న. మామూలు నెమ్ము అయితే ఆ ప్రశ్నకి జవాబు తెలియకపోయినా మాత్రలతో తగ్గిపోతుంది. మనిషి ఇంటెన్సివ్ కేర్‌లో, నోట్లో గొట్టంతో పడుకుని వున్నప్పుడు మాత్రం ఆ జవాబు మీదే ప్రాణం ఆధారపడుతుంది.

2025 సెప్టెంబరు మొదట్లో గుంటూరు పక్కనున్న తురకపాలెం పేరు పత్రికల్లో మారుమోగింది. అంతకుముందు కొద్దినెలల్లో ఆ ఒక్క వూళ్ళో ఇరవైమందికి పైగా చనిపోయారన్న వార్త అది. వైద్యశిబిరాలు పెట్టారు. రక్తం తీశారు, నీళ్ళు తీశారు, మట్టి తీశారు. అప్పుడు డాక్టర్ల నోట వినిపించిన అనుమానం పేరు మెలియాయిడోసిస్. మా ఈపురుపాలెంలో ఆ వార్త చదివిన ఆడవాళ్ళందరూ అన్నమాట ఒక్కటే: "ఇదెక్కడి కొత్త రోగమే తల్లీ!"

కొత్తది కాదు. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకబోతే నూరేళ్ళు దాటి వెనక్కి, బంగాళాఖాతం దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళవలసి వచ్చింది. అక్కడికి వెళ్ళేముందు, అసలు నెమ్ము లోపల ఏముందో మనుషులు ఎలా తెలుసుకుంటూ వచ్చారో రెండు ముక్కల్లో చెప్పుకుందాం.

1761లో వియన్నాలో ఆవెన్‌బ్రుగ్గర్ అనే డాక్టరు రోగి ఛాతీ మీద వేళ్ళతో తట్టి చూడమని పుస్తకం రాశాడు. ఆయన తండ్రిది సత్రం వ్యాపారం. పీపాల్లో సారా ఎంతవరకు వుందో పైనుంచి తట్టి కనిపెట్టడం చిన్నప్పుడు చూసే ఆయనకీ ఆలోచన వచ్చిందంటారు. మనం సంతలో కొబ్బరికాయనీ కుండనీ తట్టి కొనుక్కోమూ, అలాగే. గాలి వున్నచోట ఒక మోత, నీరు చేరినచోట ఒక మోత. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక అమ్మాయి గుండె చప్పుడు వినవలసి వచ్చి, ఛాతీకి చెవి ఆనించడం బావుండదని కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు. ఈనాటి స్టెతస్కోపుకి అది తాతమ్మ. ఒక ఆడపిల్ల సిగ్గుని మన్నించబోయి ప్రపంచానికంతటికీ మేలు చేశాడు మహానుభావుడు.

ఇవన్నీ నెమ్ము ఎక్కడ వుందో చెప్పాయి గాని ఎవరు తెచ్చారో చెప్పలేదు. అది చెప్పే దారి 1884లో బెర్లిన్‌లో తెరుచుకుంది. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్కు డాక్టరు, న్యుమోనియాతో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల ముక్కలకి రంగులద్ది చూస్తుంటే, లోపలి క్రిములు కొన్ని ఊదారంగు పట్టుకుని వదల్లేదు, కొన్ని కడిగెయ్యగానే వదిలేశాయి. మీ యింట్లో ఎవరి రిపోర్టులోనైనా గ్రామ్ పాజిటివ్ అనో గ్రామ్ నెగెటివ్ అనో చూసివుంటే, అది తూకం లెక్క అనుకోకండి. ఆ డాక్టరు ఇంటిపేరు. బట్టకి రంగు నిలుస్తుందా పోతుందా అన్నదే నేతగాళ్ళ వూళ్ళో పుట్టిన నాకు చిన్నప్పట్నించీ తెలిసిన పరీక్ష. క్రిములక్కూడా అదే పరీక్షని తెలిసినప్పుడు భలే సరదా వేసింది.

ఇక ఇంటెన్సివ్ కేర్ అన్నది ఇంకా ఇటీవలిది. 1952లో కోపెన్‌హేగెన్‌లో పోలియో విజృంభించి రోగులకి ఊపిరి ఆడకుండా పోతుంటే, ఇబ్సెన్ అనే మత్తుడాక్టరు కంఠం దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టించి, రబ్బరు సంచీని చేత్తో పిసుకుతూ గాలి పంపించాడు. ఆ సంచీలు పిసకడానికి సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు కూచున్నారు. ఆ చేతుల బదులే ఇప్పుడు వెంటిలేటరు. మనం అద్దాల తలుపు బయట నిలబడి "మిషన్ పెట్టారు" అని ఏడుస్తాం గాని, ఆ మిషను రోగాన్ని నయం చెయ్యదు. గడువు సంపాదించి పెడుతుంది. ఆ గడువులోపల క్రిమి పేరు కనిపెట్టి, దానికి లొంగే మందు ఎక్కించాలి. అదీ డాక్టర్ల మీదుండే బరువు.

ఇప్పుడు రంగూన్ వెళ్దాం. మనవాళ్ళు దాన్ని రంగం అనేవారు. "మా తాత రంగం వెళ్ళి సంపాదించాడు" అన్న మాట విశాఖ, గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో విన్నామో! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ నగరంలో సగం జనం ఈ దేశంనుంచి వెళ్ళినవాళ్ళే. రేవులో మూటలు మోసేవాళ్ళూ, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళూ, రిక్షాలు లాగేవాళ్ళూ చాలామంది తెలుగు కూలీలు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరుమీద వాళ్ళని కోరంగీలనే పిలిచేవారక్కడ. 1930లో రంగూన్ రేవులో సమ్మె కట్టి, ఆ తర్వాత జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే. 1942లో జపాన్ బాంబులు పడ్డప్పుడు అడవులూ కొండలూ నడిచి ఇల్లు చేరినవాళ్ళలోనూ, దారిలోనే రాలిపోయినవాళ్ళలోనూ వాళ్ళున్నారు.

ఆ రంగూన్ పెద్దాసుపత్రిలో 1911లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే ఇంగ్లీషు డాక్టరు శవపరీక్షల విభాగం చూసేవాడు. ఆయనకి సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి. పేరులోనే దక్షిణాది వాసన కొడుతోంది కదూ? వాళ్ళ బల్లమీదికి వచ్చే శవాలు ఎవరివంటారు? నా అన్నవాళ్ళు లేని దిక్కులేనివాళ్ళవి. అందులో మార్ఫియా సూదికి అలవాటుపడి, చిక్కి శల్యమై, రోడ్డు పక్కన పడిపోయినవాళ్ళు కొందరు. అలాంటి ఒక నలభయ్యేళ్ళ మనిషి ఊపిరితిత్తులు కోసి చూస్తే ఇద్దరికీ పాలుపోలేదు. క్షయ అనుకుందామంటే క్షయలా లేదు. మామూలు న్యుమోనియా అనుకుందామంటే అలానూ లేదు. జున్నులా గడ్డకట్టిన చీము. గుర్రాలకీ గాడిదలకీ వచ్చే గ్లాండర్స్ అనే రోగంలా వుంది. మరి ఈ మనిషికి గుర్రాలతో ఏ పనీ లేదే!

ఇక్కడే నాకు వాళ్ళిద్దరి మీద గౌరవం కలుగుతుంది. చచ్చినవాడు దరిద్రుడు, అడిగేవాడు లేడు. 'న్యుమోనియా' అని ఒక్క మాట రాసి సంతకం పెట్టేస్తే ఎవరూ కాదనరు. వాళ్ళలా చెయ్యలేదు. ఆ చీముని తీసి, గాజుపాత్రలో ఆహారం వేసి పెంచారు. పెరిగిన క్రిమి గ్లాండర్స్ క్రిమికి చుట్టమే గాని అది కాదు. అది కదలదు, ఇది చలాకీగా ఈదుతోంది. అది మెల్లగా పెరుగుతుంది, ఇది చురుగ్గా పెరుగుతోంది. ఇంతవరకూ పేరులేని రోగమిదని తేలింది. అప్పట్నించీ అలాంటి శవాల కోసం కనిపెట్టుకుని కూచున్నారు. కనిపెట్టుకుని కూచున్నాక అవి కనబడసాగాయి. 1912లో 38 మంది సంగతి ఇద్దరూ కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. 1917లో కృష్ణస్వామి మరో వ్యాసం రాసేసరికి అలాంటివి ఇంకో రెండువందల దాకా చేరాయి.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదే దేశంలో ఆ రోగం మాట దశాబ్దాల తరబడి దాదాపు వినబడలేదు. రోగం పోయిందా? ఎక్కడికి పోతుంది? వెతికే మనుషులు పోయారు.

కౌలాలంపూర్‌లో స్టాంటన్, ఫ్లెచర్ అనే ఇద్దరు డాక్టర్లు తమ ప్రయోగశాలలోని జంతువుల్లోనూ, తర్వాత మనుషుల్లోనూ ఇదే క్రిమిని చూసి 1921లో మెలియాయిడోసిస్ అన్న పేరు పెట్టారు. గాడిదలకొచ్చే జబ్బుకి గ్రీకులో వున్న మాటని తీసుకుని, 'దానిలాంటిది' అన్న అర్థంలో అల్లిన పేరది. ఇది ఎలుకల వల్ల వస్తుందని చాలాకాలం అనుకున్నారు. మొదట్లో మార్ఫియా సూదుల మీద పడ్డ అనుమానం తర్వాత ఎలుకల మీదికి మళ్ళిందన్నమాట. అసలు దొంగ కాళ్ళకిందే వుంది. 1950ల్లో వియత్నాంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వట్టి బురదలోంచీ నీళ్ళలోంచీ ఈ క్రిమిని పట్టుకున్నారు. అది మట్టిలో కాపురముండే క్రిమి. వరిచేల బురద దానికి పుట్టిల్లు. ఎండాకాలం మట్టి లోతుల్లో తలదాచుకుని, వానలకి పైకి వస్తుంది. కాలి పగుళ్ళలోంచో, చిన్న గాయంలోంచో ఒంట్లో చేరుతుంది. గాలివానలో ముక్కులోంచి చేరుతుంది, శుభ్రంచెయ్యని నీళ్ళలోంచి నోటిగుండానూ చేరుతుంది. మనిషినుంచి మనిషికి అంటుకోవడం బహు అరుదు. కనక అది వచ్చినవాళ్ళని వెలివెయ్యనక్కర్లేదు.

చేరిన ప్రతివాళ్ళకీ జబ్బు చెయ్యదు. దానికి అలుసు ముఖ్యంగా చక్కెర వ్యాధి వున్నవాళ్ళు. ఆ తర్వాత మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, తాగుడు మరిగినవాళ్ళు. చాలామందికి మూడువారాల్లోపలే జ్వరం తగులుకుంటుంది. అరుదుగా మాత్రం ఒంట్లో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వియత్నాం యుద్ధంనుంచి తిరిగొచ్చిన అమెరికా సిపాయిల్లో ఎప్పుడో అకస్మాత్తుగా బయటపడేది గనక దాన్ని వియత్నాం టైంబాంబు అన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్ళ చేతికి చిక్కిన ఒక ఖైదీకి 62 ఏళ్ళ తర్వాత బయటపడిందంటే ఏమనుకోవాలి!

రోగుల్లో సుమారు సగంమందికి ఇది న్యుమోనియాగానే కనిపిస్తుంది. దాని మాయవేషాలు విన్నారంటే డాక్టర్ల మీద కోపం పోయి జాలి కలుగుతుంది. ఎక్స్‌రేలో పైభాగాన గుంటలు కనిపిస్తే క్షయ అనిపిస్తుంది. తెమడలో క్షయ క్రిములు కనబడకపోయినా ఆ మందులే మొదలుపెడతారు. రక్తాన్ని లాబొరేటరీకి పంపితే, పెరిగిన క్రిమిని అక్కడివాళ్ళు సూడోమోనాస్ అనే మరో క్రిమిగా పొరబడతారు, లేదా బయటినుంచి పడ్డ మురికి అని పారేస్తారు. తెలిసిన కన్నుకి మాత్రం గుర్తులున్నాయి. రంగువేసి చూస్తే రెండు కొసలూ రంగు పట్టి నడుం తెల్లగా, అచ్చం పిన్నీసులా వుంటుంది. పాత్రలో మూడునాలుగు రోజులు వుంచితే ఎండిన పువ్వులా ముడతలు పడుతుంది. తడిసిన మట్టివాసన వేస్తుందనీ అంటారు. అలాగని వాసన చూడకూడదు, ఊపిరితోపాటు లోపలికి పోతుంది. పెన్సిలిన్‌కీ, జెంటామైసిన్‌కీ లొంగదు. మామూలు న్యుమోనియాకిచ్చే సెఫ్‌ట్రియాక్సోన్‌ని నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది. సెఫ్టాజిడిమ్ గాని మెరోపెనెమ్ గాని కనీసం పది పద్నాలుగు రోజులు నరంలోకి ఎక్కించి, ఆపైన మూడునెలలు మాత్రలు మింగాలి. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది.

చూశారా, పేరు తెలియడానికీ తెలియకపోవడానికీ ఎంత తేడానో! 1989లో థాయిలాండ్‌లోని ఊబన్‌లో సెఫ్టాజిడిమ్ వాడి చూస్తే, తీవ్రమైన జబ్బుతో వచ్చినవాళ్ళలో చావులు సగానికి సగం తగ్గాయి. అదే ఏట ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్ ఆసుపత్రిలో ప్రతి రోగినీ లెక్కరాయడం మొదలుపెట్టారు. మొదటి అయిదేళ్ళలో నూటికి 31 మంది చనిపోయారు. ముప్ఫయ్యేళ్ళు తిరిగేసరికి, చివరి అయిదేళ్ళలో ఆ లెక్క ఆరుకి దిగింది. అక్కడ వానలు మొదలవగానే ప్రతి డాక్టరుకీ, ప్రతి నర్సుకీ మొదటి అనుమానం దీనిమీదే. రోగి రాగానే రక్తం, తెమడ, గొంతు తడి, మూత్రం అన్నీ పెంచి చూస్తారు. ఇంటెన్సివ్ కేర్ సాయం వెంటనే అందుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు.

మరి మన సంగతి? 2016లో శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తుంది, 89,000 మంది చనిపోతారు. అందులో నూటికి 44 పాళ్ళు మన దక్షిణాసియాదే. వెల్లూరు, మణిపాల్ వంటి చోట్ల పనిగట్టుకుని వెతుకుతారు గనక అక్కడ దొరుకుతోంది. వెతకనిచోట దొరకదు. దొరకనిచోట లేదనుకుంటారు. కృష్ణస్వామి తర్వాతి రంగూన్ కథే ఇక్కడా.

తురకపాలెంలో పోయినవాళ్ళందరినీ ఇదే తీసుకుపోయిందని తీర్పు చెప్పడానికి నేనెవర్ని? నాకర్థమైనది వేరే. మనిషి బతికి వుండగా, మందు ఎక్కించకముందే తీసిన రక్తంలో ఈ క్రిమి దొరకడం సులువు. మనిషి పోయాక, వారాలు గడిచాక, వూరంతా గాలించి కారణం పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. మొదటి చావుకే "ఎందుకు?" అని అడగగలిగితే ఆ తర్వాతి కొంపల్లో దీపాలు నిలుస్తాయేమో.

మా వూరి సంగతి చెప్తాను. ఈపురుపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లాలో వుంది. చీరాల పక్కనే, సముద్రానికి దగ్గరగా. ఒకప్పుడు ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గాల చప్పుడే. మాకు ఎక్కువగా గుంటమగ్గాలు. నేతగాడు నేలమీద కూచుని కాళ్ళు గుంటలో పెట్టి తొక్కాలి. పెద్దవాన పడితే గుంటల్లోకి నీళ్ళు వూరతాయి. పని ఆగుతుంది, కుండ ఆగుతుంది. నీళ్ళు తోడి, ఇంకా ఆరని గుంటలోనే మళ్ళీ కాళ్ళు పెడతారు. వూరు దాటితే కాలవలు, వరిచేలు, సముద్రంలోకి నీళ్ళు తీసుకుపోయే స్ట్రెయిట్ కట్టు. నాట్లు వేసే ఆడవాళ్ళు మోకాటిలోతు బురదలో వంగి రోజంతా వుంటారు. మా వూళ్ళో ఈ జబ్బు వుందని నేననడం లేదు. అడగవలసిన ప్రశ్న మా వూరివాళ్ళని కూడా అడగాలంటున్నాను.

ఆ ప్రశ్నకి మనం ఎలాంటి జవాబు చెప్తామో ఒకసారి కళ్ళారా చూశాను. మాకు పిన్నివరసయ్యే ఒకావిడ భర్తని ఆయాసంతో తీసుకెళ్ళి ఒక ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టారు. ఆయన మేష్టరు ఉద్యోగం చేసి విరమించాడు. చక్కెర వుంది. అది వానాకాలం. లోపలినుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చి, "ఏం పని చేస్తారమ్మా ఆయన?" అన్నాడు. "రిటైరయ్యారు బాబూ, ఇంట్లోనే వుంటారు" అంది పిన్ని. "పొలం పనులేమన్నా?" అన్నాడు. "అబ్బే, మాకు పొలం పనులేమిటి బాబూ, కౌలుకిచ్చేశాం" అంది, కొంచెం నొచ్చుకుంటూ. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మర్యాదైన జవాబు చెప్పింది. ఆ పిల్లవాడు వదల్లేదు. సాయంత్రం మళ్ళీ వచ్చి అదే మాట ఇంకోరకంగా అడిగాడు: "ఈమధ్య బురదలో నిలబడ్డారా? కాలికి దెబ్బేమన్నా తగిలిందా?" అప్పుడు పక్కనున్న మనవరాలు, పదేళ్ళ పిల్ల, "తాతయ్య గట్టుమీంచి జారి పొలంలో పడ్డాడుగా అమ్మమ్మా! పసుపు కూడా రాశావు" అంది.

కౌలుదారు పిలిస్తే గండి చూడ్డానికి వెళ్ళాడాయన, చెప్పులు చేత్తో పట్టుకుని. పదిహేను రోజుల కిందటి మాట. పిన్ని మరిచేపోయింది. మూడోరోజుకి రక్తంలో పెరిగిన క్రిమి ఏదో తెలిసింది, పిన్నీసు ఆకారంలోదే. ఆ డాక్టరు అనుమానించి ముందే మందు మార్చి వుంచాడు. బాబాయి గొట్టం లేకుండా ఊపిరి పీల్చడానికి ఎనిమిది రోజులు పట్టింది. మూడునెలలు మాత్రలు మింగి, ఇప్పుడు బాగానే వున్నాడు. గట్టు దిగేటప్పుడు మాత్రం గమ్‌బూట్లు వేసుకుంటున్నాడు. వూళ్ళో కుర్రాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఇలా పేరు అడిగి పట్టుకోవలసిన నెమ్ములు ఇంకా వున్నాయి. పొదల్లో, గడ్డిలో వుండే చిన్న నల్లిపిల్ల కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం ముదిరితే ఊపిరితిత్తుల్ని నింపేస్తుంది. అది వానల తర్వాత మన ఆంధ్రదేశంలోనూ కనిపించేదే. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు వుంటుంది. నొప్పి వుండదు గనక రోగి చెప్పడు. చంకలోనో, నడుం దగ్గరో, రొమ్ముకిందో వుంటుంది గనక ఆడవాళ్ళు అసలే చెప్పరు. పెద్దపెద్ద ఇంజెక్షన్లు పనిచెయ్యనిచోట దానికి డాక్సీసైక్లిన్ అనే చౌకమందు పనిచేస్తుంది. ఆ కుటుంబపు తొలిమందు ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని మట్టిలోని క్రిమినుంచే తీశాడు. అప్పుడక్కడ పరిశోధనలన్నిటికీ పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మట్టే జబ్బు పెట్టింది, మట్టే మందు పెట్టింది.

ఇంటెన్సివ్ కేర్ తలుపు బయట కూచునేది ఎక్కువగా మనం ఆడవాళ్ళమే. లోపల ఏం జరుగుతోందో తెలియక, దేవుళ్ళకి మొక్కుకుంటూ కూచుంటాం. మన చేతిలో ఏమీ లేదనుకుంటాం. వుంది. రక్తంలో ప్రాణవాయువు ఎంతో లోపలి మిషను చెప్తుంది. ఆ మనిషి పోయిన నెలలో ఎక్కడ తిరిగాడో, ఏ చెరువునీళ్ళు తాగాడో, కాలికి ఏం గుచ్చుకుందో, చక్కెర మందు ఎన్నాళ్ళుగా మానేశాడో, ఇంట్లో కోళ్ళూ పావురాలూ వున్నాయో లేదో, ఇదివరకు ఏ మాత్రలు కొనుక్కుని మింగాడో మనకి తెలుసు. అడక్కపోయినా చెప్పాలి. పరువు తక్కువనుకోకుండా చెప్పాలి. "రక్తం కల్చర్‌కి పంపారా డాక్టరుగారూ?" అని మెల్లగా అడిగితే తప్పుపట్టేవాళ్ళు వుండరు.

ఇంకో మాట. మనకి చెప్పే నోరు వుంది, ఆసుపత్రిలో కుర్చీ వేసి కూచోబెడతారు. మన చేలో నాట్లు వేసిన మనిషికీ, మన వీధి కాలవ ఎత్తిన మనిషికీ జ్వరమొస్తే ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది, మర్నాడు మళ్ళీ పని. వాళ్ళకే ఆ బురదతో ఎక్కువ చుట్టరికం. అయిదురోజులు దాటినా జ్వరం తగ్గక, దగ్గూ ఆయాసమూ మొదలైతే, వాళ్ళవెంట పెద్దాసుపత్రి దాకా ఒకళ్ళు వెళ్ళండి. చీటీ రాసే బల్ల దగ్గర నిలబడి, "ఈవిడ బురదలో పనిచేస్తుందండీ, చక్కెర కూడా వుంది" అని గట్టిగా చెప్పండి. రంగూన్‌లో ఆ పేరులేని మనిషి తరఫున చెప్పేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. ఆయన ఊపిరితిత్తులే చెప్పవలసి వచ్చింది.